మోరీకి రోజా

కర్నూలు వన్ టౌన్‌లో మూడు సందులు కలిసేచోట
రాత్రి తొమ్మిదింటికి మూత లేపినాం.
ముందు బొద్దింకలు, తర్వాత వాసన,
ఆ తర్వాత ఎవరో లోపల్నించి ఊదినట్టు వెచ్చటి గాలి.
గ్యాస్ మీటరు తాడు కట్టి దింపితే
రెండుసార్లు కూసి ఊరుకుంది.

మ్యాపులో ఈ లైను తిన్నగా ఉంది.
గీసినవాడు స్కేలును చూసి గీసినాడు, వీధిని చూసి కాదు.
మద్దిలేటి మ్యాపు ముట్టడు.
గడ్డపలుగుతో తారు మీద నాలుగుచోట్ల పొడిచి
"ఈడ మలుపుంది మేడం. ఈడ పైపు కుంగింది.
ఈడ ఖాజాబీ వాళ్ల మోరీ వచ్చి కలుస్తాది" అన్నాడు.
మూడూ నిజమే.
నాలుగోది ఏందని అడిగితే
"అది ఊరికే పొడిచినా."

సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పినాం:
తెల్లారేదాకా నీళ్లు వదలొద్దు,
బట్టలు ఉతకొద్దు, అంట్లు తోమొద్దు, బాత్రూముకి...
అక్కడికొచ్చేసరికి నాకు మాట తడబడింది.
ఖాజాబీ పాన్ బుగ్గన తోసి అందుకుంది:
"అంటే ఈ రాత్రి మోరీకి రోజా అన్నమాట.
పెట్టండి, పెట్టండి. యాభై ఏండ్లుగా
మా గలీజంతా తినింది, ఒక్కపూట కడుపు కాలనీ."

కెమెరాబండి దిగింది.
నాలుగు చక్రాలు, నుదుట దీపం.
వ్యానులో తెర మీద కాలిన మట్టిపైపు,
లోపల గోధుమరంగు నునుపు,
అచ్చం ఊరగాయ జాడీ అడుగులా.
పన్నెండు మీటర్ల దగ్గర నెర్రె.
పంతొమ్మిది దగ్గర వేపవేర్లు,
తలంటుకుని చిక్కు తీయని జుట్టు.
ఇరవైఆరు దగ్గర పెంకు ఊడి వెనకాల మట్టి.
ఆ మట్టి పిడికెడు పిడికెడుగా జారి
హంద్రీ దిక్కు పోతా ఉంటే
పైన వీధి, కింద బోలుగా,
ఏమీ తెలీనట్టు ఆటోలు మోస్తా ఉంది.

నలభైమూడు దగ్గర "ఆపండి" అన్నాడు మద్దిలేటి.

అతుకు.
పచ్చి సిమెంటును లోపలికి చెయ్యి పెట్టి
ఎవరో వేళ్లతో తుడిచిన గుర్తులు.
రెండు గీతలు, ఒక ఎడం, మళ్లీ ఒక సన్నగీత.
"వెనక్కి పోనీయండి. ముందుకి. ఆ, ఆడే."
తెరకు ముక్కు ఆనేంతగా వంగినాడు.
"మా నాయన. గానుగలో పోయింది ఉంగరం వేలు.
అందుకే పెండ్లిలో బిందెలో ఉంగరం
మా అమ్మకే దొరికిందంట."

బయట లారీలో లైనర్ కాచుకుని ఉంది,
చేపల లోడులా మంచుగడ్డల మధ్య,
జిగురు తాగిన బట్టగొట్టం.
నీళ్ల ఒత్తిడికి లోపలిది బయటికి తిరగబడుతూ
సాక్సు విప్పినట్టు పైపులోకి పాకుతుంది.
వేన్నీళ్లు నింపి మూడు గంటలు ఉంచితే
పాతపైపు లోపల కొత్తపైపు.
ఆ గీతలు ఇంక ఎవరికీ కనపడవు.

ఫోటో తీసిస్తానన్నాను.
"ఏం చేసుకోను మేడం? గోడకు మోరీ ఫోటో తగిలిస్తే
పిల్లోళ్లు నవ్వుతారు.
ఆయప్ప అది కనపడాలని పెట్టలేదు.
కారకూడదని పెట్టినాడు. కప్పేయండి."

రెండున్నరకు బాయిలరు ముల్లు అరవై దాటింది.
మూడుంబావుకు ఎవరింట్లోనో
దబ్బున చెంబెడు నీళ్లు పడిన చప్పుడు.
సందంతా దీపాలార్పి అమాయకంగా పడుకుంది.

తెల్లారి కట్టరు లోపలికి పోయి
ఒక్కో ఇంటి మోరీకి గుండ్రంగా నోరు కోసింది.
మొదటిది ఖాజాబీది. గడపలో బకెట్టు ఎత్తిపట్టి
"ఇడిసేదా?" అని కేకేసింది.
మద్దిలేటి మూత పక్కన మోకాళ్లూని చెవి పెట్టినాడు.
సబ్బునీళ్లు, రెండు టమాట తొక్కులు,
యాడా తట్టుకోకుండా
మలుపు దాటి, కుంగినచోటు దాటి, పోయినాయి.
"రోజా ఇడిసిందా?"
"ఇడిసింది పో!"

రిపోర్టులో నలభైమూడో మీటరు ఎదురుగా రాసినా:
పాత అతుకు. కారడం లేదు.

గడ్డపలుగు పొడిచిన ఆ నాలుగో గుంట
ఎంత దూరంలో ఉందో టేపు పట్టి కొలుద్దామనుకున్నా.
కొలవలేదు.